పాత బుల్లెట్ కార్బురేటర్ మన చేతులతోనే – 3వ పాఠం: బిగింపు, ఐడిల్ సెట్టింగ్

గత పాఠంలో కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) విప్పి, జెట్లు (పెట్రోల్‌ను కొలతగా వదిలే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కలు), లోపలి దారులు శుభ్రం చేసి ట్రేలో పెట్టుకున్నాం. ఈసారి వాటిని మళ్లీ బిగించి, ఇంజిన్ ఐడిల్‌లో (అంటే యాక్సిలరేటర్ తిప్పకుండానే) నిలకడగా ఆడేదాకా తీసుకొద్దాం. మన ముందున్నది 346 సీసీ కాస్ట్ ఐరన్ బుల్లెట్. దాని మీద ఉన్నది మిక్‌కార్బ్ వీఎం24, అంటే జపాన్ మికుని డిజైన్‌తో మన దేశంలో తయారైన కార్బురేటర్. ఇంకా పాత బండ్లకు అమల్ కార్బురేటర్ ఉంటుంది. మీది అదైతే భాగాల అమరిక వేరుగా ఉంటుంది కానీ సూత్రం ఇదే.

స్పానర్ పట్టుకునే ముందు ఒక విషయం బాగా మనసుకు పట్టించుకోండి. యాక్సిలరేటర్ ఎంత తిప్పామన్నదాన్ని బట్టి కార్బురేటర్‌లో పెట్రోల్ అందించే భాగం మారుతుంది. మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు తెరిచేదాకా ఐడిల్‌కు పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్, దానికి కలిసే గాలిని సరిచేసే ఎయిర్ స్క్రూలదే రాజ్యం. అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారిని తెరిచే భాగం) అడుగున ఉన్న ఏటవాలు కోత ప్రభావం ఎక్కువ. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కు వేలాడే నీడిల్ (సన్న సూది), అది దూరే నీడిల్ జెట్. ఆ పైన మెయిన్ జెట్. ఒకదాని పరిధి ఇంకొకదాని మీదికి కొంచెం వస్తుంది కానీ, ప్రధానంగా లెక్క ఇదే. కాబట్టి బండి ఎనభై దగ్గర మిస్సింగ్ కొడితే ఎయిర్ స్క్రూ తిప్పి లాభం లేదు. సిగ్నల్ దగ్గర ఆగిపోతుంటే మెయిన్ జెట్ మార్చడం డబ్బు దండగ. యాక్సిలరేటర్ పిడి మీద ఒక తెల్ల టేపు ముక్క, పక్కనున్న స్విచ్ హౌసింగ్ మీద ఇంకొకటి అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకోండి. ఇబ్బంది ఏ గీత దగ్గర వస్తోందో చెప్పగలిగితే సగం రిపేరు అయినట్టే.

ఇక బిగింపు. పైలట్ జెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రంధ్రం పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, గుండ్రంగా స్పష్టంగా కనబడాలి. మసకగా కనిపిస్తే ఇంకా మురికి ఉన్నట్టే, మళ్లీ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. స్టీలు తీగ మాత్రం గుచ్చొద్దు. జెట్ ఇత్తడిది, మెత్తన. ఒక్క గీత పడినా రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఏ సెట్టింగూ నిలవదు. తప్పనిసరైతే కరెంటు వైరులోంచి తీసిన ఒక్క సన్నటి రాగి పోగు వాడండి. జెట్లను సరైన వెడల్పున్న స్క్రూడ్రైవర్‌తో, వేళ్ల బలంతోనే బిగించండి.

ఫ్లోట్ వాల్వు (కార్బురేటర్ అడుగు కప్పులో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ తెరిచి మూసే వాల్వు) దగ్గర మాత్రం తొందరపడకండి. మిగతా సెట్టింగులన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. కప్పులో పెట్రోల్ మట్టం ఎక్కువైతే ప్రతి జెట్టూ రిచ్‌గా (మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువ), తక్కువైతే ప్రతి జెట్టూ లీన్‌గా (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) పనిచేస్తుంది. అప్పుడు మీరు ఏ స్క్రూ తిప్పినా తప్పు మట్టానికి సర్దుబాటు చేస్తున్నట్టే. వాల్వు సూది మొనను గోటితో తడిమి చూడండి. చుట్టూ సన్నటి గాడి తగిలితే సూదీ సీటూ రెండూ కలిపి మార్చాలి. కొత్త సూది, పాత సీటు కుదరవు. తర్వాత ఫ్లోట్ అమర్చి, కార్బురేటర్‌ను తలకిందులు చేసి, పెట్రోల్ పైపు తగిలించే చోట శుభ్రమైన రబ్బరు ట్యూబు పెట్టి నోటితో మెల్లగా ఊదండి. గాలి పోకూడదు. మామూలుగా నిలబెట్టి ఊదితే ధారాళంగా పోవాలి.

ఎత్తు కొలిచేటప్పుడు కార్బురేటర్‌ను కొంచెం వాలుగా పట్టుకోండి. సూది వెనక చిన్న స్ప్రింగు పిన్ను ఉంటే ఫ్లోట్ నాలుక (సూదిని నొక్కే చిన్న రేకు) దాన్ని తాకాలి కానీ నొక్కకూడదు. ఆ స్థితిలో ప్యాకింగ్ కూర్చునే అంచు నుంచి ఫ్లోట్ దాకా ఉన్న దూరాన్ని మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ అంకెతో పోల్చండి. తేడా ఉంటే నాలుకను మాత్రమే కొద్దికొద్దిగా వంచాలి. ఫ్లోట్‌ను పట్టి వంచకండి.

స్లైడ్‌కు ఒక పక్క నిలువు గాడి ఉంటుంది, బాడీలో ఉన్న చిన్న పిన్ను అందులో కూర్చోవాలి. ఏటవాలు కోత ఎయిర్ ఫిల్టర్ వైపు చూడాలి. నీడిల్ క్లిప్‌ను విప్పినప్పుడు రాసుకున్న గాడిలోనే పెట్టండి. రాసుకోకపోతే నడిమి గాడిలో పెట్టి ముందుకు సాగండి, దాని సంగతి వచ్చే పాఠంలో. మూత బిగించాక యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదిలితే స్లైడ్ ‘టక్’మని కిందికి పడాలి. ఆ శబ్దం రాకుండా కిక్ కొట్టొద్దు. స్లైడ్ పైన ఇరుక్కుని ఉంటే ఇంజిన్ స్టార్ట్ అయిన క్షణంలోనే ఫుల్ యాక్సిలరేటర్‌తో అరుస్తుంది.

కార్బురేటర్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచే ఫ్లాంజ్ పాత బండ్లలో చాలావరకు వంగి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక్కొక్కరూ ఇంకాస్త గట్టిగా బిగించడం వల్ల వచ్చే వంపు అది. స్టీలు స్కేలు నిలువంచు దాని మీద ఆనించి వెలుతురులో చూడండి. మధ్యలో సందు కనబడితే అద్దం పలక మీద 400 నంబరు ఎమరీ పేపరు పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా రుద్ది సమం చేయండి. కొత్త ఓ-రింగు (గాలి దూరకుండా ఆపే రబ్బరు వలయం) వేసి, రెండు పక్కలా మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. అక్కడి సందులోంచి దూరే గాలిని ఏ స్క్రూతోనూ సరిచేయలేం.

పెట్రోల్ కాక్ తెరిచి, కింద ఎండు అట్టముక్క పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. అట్ట తడవకపోతే ముందుకెళ్లొచ్చు. యాక్సిలరేటర్ కేబుల్‌లో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి.

ఇక్కడ ఒక షరతు. కాంటాక్ట్ పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును తెంచి కలిపే స్విచ్) సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య, ట్యాపెట్లు (ఇంజిన్ వాల్వులను కదిలించే భాగాలు) చల్లటి ఇంజిన్‌లో పుష్‌రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరిగేలా, కానీ కిందికీ పైకీ ఆడకుండా ఉన్నాయని చూసుకున్నాకే ట్యూనింగ్ మొదలుపెట్టండి. కార్బురేటర్ మీద పడే నిందల్లో చాలావాటికి అసలు కారణం పాయింట్లే.

ఎయిర్ స్క్రూను లోపలికి మెల్లగా ఆనేదాకా తిప్పండి. ఆనిన తర్వాత బలం పెడితే దాని మొన, మొన కూర్చునే చోటు రెండూ పాడవుతాయి. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్లు వెనక్కి తీయండి. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. చోక్ వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కిక్ కొట్టండి. ఈ కార్బురేటర్‌లో చోక్ అంటే గాలిని మూసే రేకు కాదు, అదనంగా పెట్రోల్ ఇచ్చే వేరే దారి. స్లైడ్ మూసి ఉంటేనే ఇంజిన్ ఆ దారిలోంచి పెట్రోల్ పీల్చుకోగలదు. చోక్ వేసి యాక్సిలరేటర్ తిప్పితే చోక్ సరిగా పనిచేయదు.

పది పదిహేను నిమిషాలు బండి నడిపి ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక చోక్ తీసి, స్టాండ్ మీద నిలబెట్టండి. ఐడిల్ స్క్రూతో వేగం కాస్త పెంచండి. ఇప్పుడు ఎయిర్ స్క్రూను పావు చుట్టు మాత్రమే తిప్పి, కొన్ని సెకన్లు ఆగి వినండి. బుల్లెట్ ఇంజిన్ మార్పును వెంటనే చూపించదు, ఆగకుండా తిప్పుతూ పోతే అసలు చోటు దాటిపోతారు. ఈ స్క్రూ లోపలికి వెళితే గాలి తగ్గి మిశ్రమం రిచ్ అవుతుంది, బయటికి వస్తే లీన్. వేగం ఎక్కడ గరిష్ఠంగా, సమంగా ఉందో అక్కడ ఆపి, ఐడిల్ స్క్రూతో వేగం తగ్గించి, మళ్లీ ఒకసారి ఇదే వరుస చేయండి.

(కొన్ని కార్బురేటర్లలో ఈ స్క్రూ ఇంజిన్ వైపు ఉంటుంది. అక్కడ అంతా తిరగబడి, లోపలికి వెళ్లేకొద్దీ లీన్ అవుతుంది. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉందా, ఇంజిన్ వైపు ఉందా అన్నది ముందు చూసుకోండి.)

మంచి చోటు అర చుట్టు లోపలే దొరికితే పైలట్ జెట్ చిన్నదైనా అయి ఉండాలి, ఇంకా మూసుకుపోయైనా ఉండాలి. మూడు చుట్లు తీసినా ఇంకా గాలి కావాలంటుంటే జెట్ పెద్దది, లేదా ఫ్లోట్ మట్టం ఎక్కువ. స్క్రూ తిప్పినా శబ్దంలో ఏ మార్పూ లేదంటే లోపలి దారి మూసుకుపోయింది, మళ్లీ విప్పాల్సిందే.

తర్వాత యాక్సిలరేటర్ ఒకసారి తిప్పి వదలండి. వేగం దిగడానికి బద్ధకిస్తూ పైనే వేలాడితే లీన్, లేదా ఎక్కడో గాలి దూరుతోంది. ఫ్లాంజ్ చుట్టూ స్ప్రే బాటిల్‌తో మంచినీళ్లు చల్లి చూడండి, శబ్దం మారితే లీకు అక్కడే. వేడి ఇంజిన్ మీద పెట్రోలో క్లీనరో కొట్టి పరీక్షించే పద్ధతి ప్రమాదం, చేయొద్దు. వేగం ఐడిల్ కన్నా కిందికి పడి, మునిగి, మెల్లగా తేరుకుంటే రిచ్. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పినా ఐడిల్ మారకూడదు. మారితే కేబుల్ లాగుతోంది.

ఐడిల్ వేగం గురించి గట్టిగానే చెప్పాలి. ‘డుగ్... డుగ్...’ అని లెక్కపెట్టేంత నెమ్మదిగా ఆడించడం చాలామందికి ఇష్టం. ఆ శబ్దం నాకూ ఇష్టమే. కానీ ఈ ఇంజిన్ ఆయిల్ పంపు ఇంజిన్ వేగం మీదే ఆధారపడుతుంది. అంత నెమ్మదిలో పైన రాకర్ల (వాల్వులను నొక్కే చేతుల) దాకా ఆయిల్ సరిగా చేరదు, బ్యాటరీ ఛార్జింగూ ఆగిపోతుంది. హెడ్‌లైట్ వేసి ఆమ్మీటర్ (ఛార్జింగ్ చూపే మీటరు) ముల్లు చూస్తే మీకే తెలుస్తుంది. నిమిషానికి 900 నుంచి 1000 తిరుగుళ్ల మధ్య ఉంచండి.

ఇప్పటి పెట్రోల్ గురించి కూడా ఒక మాట. ఈ బండ్లను ఇథనాల్ కలిసిన పెట్రోల్ కోసం డిజైన్ చేయలేదు. శుద్ధ పెట్రోల్ పూర్తిగా మండడానికి బరువు లెక్కన దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే జెట్‌తో అదే బండి ఇప్పుడు కొంత లీన్‌గా నడుస్తుంది. అందుకే ఎయిర్ స్క్రూ పాత లెక్క కన్నా కొంచెం లోపల కుదిరితే కంగారు పడకండి. పాత రబ్బరు పైపులు, ఓ-రింగులు ఈ పెట్రోల్‌కు ఉబ్బిపోతాయి, ఇథనాల్‌ను తట్టుకునేవి అడిగి కొనండి. బండి నెలకు మించి నిలబెట్టేటట్టయితే కప్పు ఖాళీ చేయండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కప్పు అడుగున చేరే తెల్లటి పొడికి మొదట బలయ్యేది పైలట్ జెట్టే.

ఊరు మారినా తేడా వస్తుంది. విజయవాడలో కుదిర్చిన బండి, సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో కొద్దిగా రిచ్ అవుతుంది, ఎందుకంటే అక్కడ గాలి అంత చిక్కన కాదు. పావు చుట్టు సవరణతో సరిపోతుంది.

వచ్చే పాఠం నీడిల్ క్లిప్, మెయిన్ జెట్. అప్పటికి కొత్త స్పార్క్ ప్లగ్ ఒకటి, ప్లగ్ స్పానర్, ఇప్పుడున్న దానికి ఒక సైజు పైనా ఒక సైజు కిందా ఉన్న మెయిన్ జెట్లు సిద్ధం చేసుకోండి. ఈలోగా రోజూ బండి తీసి, టేపు గీతల్లో ఏ గీత దగ్గర ఇంజిన్ ఎలా ఉందో రాస్తూ ఉండండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం ఎండలో, రెండు వేళలా రాయండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.