జీసీఎస్ స్కోరు బెడ్ దగ్గర ఎలా వేయాలి

కొత్తగా డ్యూటీలో చేరిన స్టాఫ్ నర్సులు, హౌస్ సర్జన్లు కేస్‌షీట్‌లో పేషెంట్ ఎంత స్పృహలో ఉన్నాడో చెప్పే గ్లాస్గో కోమా స్కేల్ స్కోరుని "జీసీఎస్ 9" అని ఒక్క అంకె రాసేసి వెళ్ళిపోతుంటారు, తర్వాతి షిఫ్ట్ వాళ్ళకి ఆ 9 ఎలా వచ్చిందో తెలీదు. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే డాక్టర్లు ఈ స్కేల్ ఇచ్చింది కళ్ళు (ఈ), మాట (వి), కదలిక (ఎం) మూడూ విడివిడిగా చూడమనే, అందుకే ఈ2 వి2 ఎం5 అని విడిగానే రాయండి.

కళ్ళు ఈజీ. తనంతట తెరిస్తే 4, పిలిస్తే తెరిస్తే 3, నొక్కితే తెరిస్తే 2, అసలు తెరవకపోతే 1. వాచిపోయి మూసుకున్నాయంటే 1 వేయకూడదు, ఎన్‌టీ (నాట్ టెస్టబుల్, అంటే చూడటం కుదరలేదు) అని రాయాలి.

మాటకి పేరు, ఎక్కడున్నారు, ఏ నెల అని అడగండి, అదీ పేషెంట్ భాషలో. పల్లెటూరి పెద్దాయన ఆగస్టు అనకుండా శ్రావణం అన్నాడనుకోండి, కరెక్టే కదా, 5 ఇచ్చేయండి! వాక్యాల్లోనే మాట్లాడుతున్నా జవాబులు తప్పుగా చెప్తే 4, విడి మాటలే వస్తే 3, మూలుగైతే 2, ఏమీ లేకపోతే 1. గొంతులో శ్వాస ట్యూబ్ వేసుంటే వి దగ్గర టీ (ట్యూబ్) లేదా ఎన్‌టీ.

అసలు కష్టం మోటార్‌లోనే, అంటే కదలికలో. చెప్పింది చేస్తే 6, కానీ చెయ్యి పట్టుకోమంటే పట్టుకున్నాడని సంబరపడకండి, అది రిఫ్లెక్స్ కూడా కావచ్చు, వదలమని కూడా చెప్పి చూడండి. చెయ్యకపోతే మెడకీ భుజానికీ మధ్య కండరం గట్టిగా నొక్కండి, ఒత్తిడి మెల్లగా పెంచుతూ 10 సెకన్ల దాకా. ఛాతీ ఎముక మీద రుద్దడం ఇంకా చాలామంది చేస్తున్నారు, కమిలిపోతుంది, మానేయండి. చెయ్యి కాలర్ బోన్ దాటి పైకి వస్తే 5. అంత రాకుండా మోచెయ్యి చటుక్కున మడిచి వెనక్కి లాక్కుంటే 4, చెయ్యి నిదానంగా ఛాతీ మీదకి ముడుచుకుంటే 3, మోచెయ్యి చాపేస్తే 2, కదలకపోతే 1. రెండు చేతులూ చూసి, బాగున్నదాని స్కోరే వేయండి, కానీ రెండో వైపు ఎలా ఉందో పక్కన రాయడం మర్చిపోవద్దు.

మొత్తం 3 నుంచి 15, తలకి దెబ్బల్లో 8 లేదా అంతకంటే తక్కువంటే సీరియస్, వెంటనే సీనియర్‌ని పిలవాలి. మత్తు మందు ఇచ్చారా, తాగి ఉన్నాడా, షుగర్ పడిపోయిందా చూసి ఆ మాట, టైమూ స్కోరు పక్కనే రాయండి.