తుపాన్ల కాలానికి ముందు ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్‌కు తీసుకోవలసిన జాగ్రత్తలు

విశాఖపట్నంలో తుపాన్ల భయం అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఎక్కువ. అందువల్ల బాల్కనీలో ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్, అంటే రింకోస్టైలిస్ రెటూసా, పెంచుతున్నవారు సెప్టెంబరులోనే సిద్ధం కావడం మంచిది.

ఈ మొక్కకు ఎదిగే కొన ఒక్కటే. డెండ్రోబియం అనే మరో రకం ఆర్కిడ్ లావుపాటి కాండాల్లో నీటిని దాచుకుంటుంది, ఒక కాండం పోయినా పక్కన మరొకటి వేస్తుంది. ఫాక్స్‌టెయిల్‌కు ఆ వెసులుబాటు లేదు. కొన ఆకుల సందులో వాననీరు నిలిచి కుళ్లు పట్టిందంటే, మొదలు దగ్గర పిలక పుడితే తప్ప మొక్క దక్కదు. అడవిలో ఇది చెట్టు మాను నుంచి పక్కకు వాలి పెరుగుతుంది కనుక నీరు జారిపోతుంది. ఇంట్లో దానిని నిటారుగా నిలబెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. బుట్టను ఏటవాలుగా వేలాడదీయాలి.

బుట్టలో నానిన పాత కొబ్బరి పీచు ఉంటే వేర్లకు దెబ్బ తగలకుండా తీసివేసి, బొగ్గు, పెంకు ముక్కలు మాత్రమే ఉంచండి. బుట్ట చెక్కకు అతుక్కున్న వేర్లను పీకవద్దు. తడిసినప్పుడు పచ్చగా కనిపించే వేర్లు ఆరి తెల్లబడిన తరువాతే, అదీ ఉదయం పూటే, నీరు పోయాలి. ఆకుపై నీరు పట్టినట్టు మెత్తని మచ్చ కనిపిస్తే, మంటలో కాల్చి చల్లార్చిన బ్లేడుతో మచ్చ దాటి ఆరోగ్యంగా ఉన్న భాగం వరకు కోసి, కోతపై దాల్చినచెక్క పొడి అద్దాలి. ఆ పొడి వేర్లను ఎండబెడుతుంది కనుక వాటిపై పడనివ్వరాదు.

తుపాను హెచ్చరిక వెలువడగానే బుట్టలన్నీ లోపలికి చేర్చండి. ఈదురుగాలికి ఊడిన బుట్ట కింద నడిచే మనిషికి కూడా ప్రమాదమే. లోపల ఉన్నంతకాలం నీరు పోయవద్దు. గాలి తగ్గగానే కిటికీ తెరవండి. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఆకులపై పేరుకుంటే వాటిని మాడుస్తుంది, అందుచేత బయట ఉండిపోయిన మొక్కలను మరునాటి ఉదయమే మంచినీటితో కడిగి, కొనలో నిలిచిన నీటిని దూదితో అద్ది తీయాలి.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను నగరంలో ఎన్నో చెట్లను కూల్చింది. అలాంటి తుపాను తరువాత బాల్కనీకి నీడనిచ్చిన చెట్టు ఇంకా ఉందో లేదో చూసుకుని, లేకపోతే సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కట్టిన తరువాతే మొక్కలను తిరిగి బయట పెట్టాలి.