రుథిన్ వెళ్తే తల పైకెత్తి నడవండి

ఉత్తర వేల్స్‌లోని రుథిన్ పాత సంత ఊరు. లివర్‌పూల్, మాంచెస్టర్ వైపు ఉండే మనవాళ్లు ఒక్కరోజులో వెళ్లిరావచ్చు. అక్కడ షాపుల అద్దాలు చూస్తూ నడిచారంటే సగం ఊరు మిస్సయినట్టే. అసలు అందమంతా పై అంతస్తుల్లో, కప్పుల మీద ఉంది.

సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో మొదలుపెట్టండి. 1400 సెప్టెంబరులో, ఇంగ్లీషు పాలన మీద తిరగబడ్డ వేల్స్ నాయకుడు ఒవైన్ గ్లిన్‌డూర్ దాడిలో ఊరు తగలబడింది. మరుసటి ఏడాది కట్టిన పాత కోర్టు ఇప్పటికీ నిలబడే ఉంది: నల్లటి దూలాలు, మధ్య మధ్య తెల్లటి గోడ. చూరు కిందికి వెళ్లి చూడండి, బయటికి పొడుచుకొచ్చిన దూలం ముక్క కనిపిస్తుంది. అది ఉరికొయ్యలో మిగిలిన భాగమట! ఇంత దగ్గరగా చూడగలగడం నిజంగా అదృష్టం.

అదే స్క్వేర్‌లో మిడిల్టన్ ఆర్మ్స్ అనే పాత భవనం కప్పులోంచి ఏడు కిటికీలు తొంగి చూస్తుంటాయి. వాటిని ‘రుథిన్ కళ్లు’ అంటారు.

కాసిల్ స్ట్రీట్‌లోని నాంట్‌క్లుయిడ్ అ డ్రే మాత్రం లోపలికెళ్లి చూడాల్సిందే. 1435 ప్రాంతంలో మొదలైన కలప ఇల్లు; ఒక్కో గదిని ఒక్కో కాలానికి తగ్గట్టు అలంకరించారు. ఏడాది పొడవునా తెరిచి ఉండదు, కాబట్టి తెరిచే రోజులు చూసుకున్నాకే టికెట్లు బుక్ చేసుకోండి.