అరబెస్క్‌లో మూడుకి రెండు: నాకు కుదిరిన పద్ధతి

మారేడ్‌పల్లిలో మా గ్రూపు రిసైటల్ దగ్గరపడుతున్నా, 1891లో అచ్చయిన, ఫ్రెంచ్ స్వరకర్త దెబ్యూసీ పియానో రచన ‘మొదటి అరబెస్క్’ నాకు కుదరడం లేదు. కుడిచేతికి మూడు స్వరాలు పడేచోట ఎడమచేతికి రెండే. ఆరో బార్ (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) నుంచి చేతులు తడబడేవి, టెన్షన్ పెరిగేది. మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని లయ చూపే పరికరం), చేతులు విడివిడిగా సాధన, వీడియోలు, ఏవీ పనిచేయలేదు.

పియానో మూసి, బల్ల మీద కుడిచేత్తో ‘త-కి-ట’ వేశాను. ఎడమచేయి ‘త’తో కలిసి ఒకటి, సరిగ్గా ‘కి’కీ ‘ట’కీ నడుమ ఇంకొకటి. అంటే వరస: రెండూ, కుడి, ఎడమ, కుడి. నోరు తకిట ఆపకూడదు. అది అలవాటయ్యాక చేతికో మీట మీద, ఆ తర్వాత అసలు స్వరాలతో, బాగా నెమ్మదిగా. వేగం వచ్చాక లెక్క వదిలేసి ఎడమచేతినే విన్నాను; నా దృష్టిలో అసలు మేలు అక్కడే జరిగింది.

మృదంగం వింటూ పెరిగినవాళ్లకి ఇది తేలిక కావచ్చు, అందరికీ కుదురుతుందని చెప్పలేను. షోపాన్ అనే మరో స్వరకర్త పియానో రచన ఫాంటసీ-ఇంప్రాంప్టూలో నాలుగుకి మూడు కాబట్టి ఈ వరస పనికిరాదు.