మైనరు పేరున్న పత్రం చెల్లుతుందో లేదో చూసుకోవడం ఎలా?

స్టాంపు కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే ఒప్పందం గట్టిదని మనలో చాలామంది నమ్మకం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం చూసేది మాత్రం కాగితాన్ని కాదు. ఒప్పుకునే అర్హత ఉన్నవారు, ఎవరి ఒత్తిడీ మోసమూ లేకుండా, చట్టం అనుమతించే పని కోసం, చట్టం అనుమతించే ప్రతిఫలానికి కుదుర్చుకున్న ఒప్పందమే కాంట్రాక్టు అవుతుందని ఆ చట్టంలోని 10వ సెక్షను చెబుతోంది. స్థిరాస్తి అమ్మకం వంటి, రాతకోత తప్పనిసరి అయిన వ్యవహారాలను పక్కన పెడితే, నోటిమాటగా కుదిరిన ఒప్పందానికి కూడా కట్టుబడవలసిందే.

పత్రం చేతికి వచ్చినప్పుడు ముందుగా తేల్చుకోవలసింది, అది మొదటి నుంచే చెల్లనిదా, లేక నష్టపోయినవారు కోరితే రద్దయ్యేదా అన్నది. జూదం బాకీ మొదటి రకం. దాన్ని ఎవరూ బతికించలేరు. బెదిరించి రాయించుకున్నది రెండో రకం. ఆత్మహత్య చేసుకుంటానని భర్త బెదిరించడంతో భార్య, కొడుకు ఆస్తిపై తమ హక్కు వదులుకుంటూ రాసిచ్చిన విడుదల పత్రం అలాంటిదేనని చిక్కం అమ్మిరాజు కేసులో మద్రాసు హైకోర్టు 1917లో తేల్చింది. అలాంటి పత్రం, రాసిచ్చినవారు కాదనేవరకు చెల్లుబాటులోనే ఉంటుంది.

మైనరు స్వయంగా చేసుకున్న ఒప్పందం మొదటి రకంలోకి వస్తుంది. కలకత్తాలో ధర్మోదాస్ ఘోష్ అనే మైనరు 1895లో తన ఆస్తిని 20,000 రూపాయల అప్పుకు తనఖా పెట్టాడు. అతను మైనరని వడ్డీ వ్యాపారి తరఫు మనిషికి కబురు అందింది. అయినా అతని చేతనే తాను మేజరునని రాయించుకొని పని కానిచ్చాడు. మోహరీ బీబీ కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యంలో, మైనరు ఒప్పందం పూర్తిగా చెల్లదని అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1903లో తీర్పు చెప్పింది. ఇచ్చిన సొమ్ము కూడా వ్యాపారికి తిరిగి రాలేదు.

కాబట్టి వయసు విషయంలో ఎదుటివారి మాటను, మీసకట్టును నమ్మకండి. జనన ధ్రువపత్రమో పదో తరగతి మెమోనో చూడండి. పద్దెనిమిదో పుట్టినరోజు మొదలవడంతోనే మైనారిటీ తీరుతుంది. దానికి ముందు రోజు పెట్టిన సంతకం మైనరు సంతకమే. డబ్బు ఇవ్వక తప్పని పరిస్థితి అయితే, ప్రోనోటు ఇంట్లోని పెద్దల చేత, వారి సొంత బాకీగా రాయించుకోవడం మేలు. మైనరు రాసిన నోటు అతని మీద చెల్లదు. మైనారిటీ తీరాక ఆ పాత సొమ్ముకే కొత్త నోటు తిరగరాయించుకుంటే సరిపోతుందన్నది మన ఊళ్లలో బాగా వినిపించే సలహా. అది తప్పు సలహా. చెల్లని ఒప్పందాన్ని తరువాత ఒప్పుకున్నంత మాత్రాన ప్రాణం రాదు.

ఇచ్చినవారికి బొత్తిగా దారి లేదని కాదు. తిండి, బట్ట, చదువు, వైద్యం వంటి, ఆ పిల్లవాడి స్థాయికి తగిన అవసరాలు తీర్చినవారు కాంట్రాక్టు చట్టం 68వ సెక్షను కింద అతని ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు. అతని మీద వ్యక్తిగత బాధ్యత మాత్రం ఉండదు. మైనరునన్న కారణంతో దావా నుంచి బయటపడిన ప్రతివాదిని, తాను పొందిన లాభం మేరకు తిరిగి ఇమ్మని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 33వ సెక్షను కింద కోర్టు ఆదేశించవచ్చు.

మైనరు పేరున ఆస్తి కొనడానికి, అతనికి దానం రాయడానికి అడ్డు లేదు. చిక్కంతా అమ్మేటప్పుడే. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులు, తిరగేస్తుంటే ‘మైనరు కావున అతని తల్లియు, సంరక్షకురాలునగు’ అన్న వాక్యం కనిపిస్తే అక్కడ ఆగండి. హిందువుల విషయంలో, 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షను ప్రకారం, మైనరు స్థిరాస్తిని అమ్మాలన్నా తనఖా పెట్టాలన్నా తల్లిదండ్రులు సైతం ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. ఐదేళ్లు దాటే కౌలుకూ ఇదే నియమం. అవసరమో, మైనరుకు స్పష్టమైన మేలో కనిపిస్తేనే కోర్టు అనుమతిస్తుంది. 1948లో కాకుళం సుబ్రహ్మణ్యం కేసులో, తండ్రి అప్పులు తీర్చడానికి తల్లి చేసిన భూమి అమ్మకపు ఒప్పందానికి మైనరు కట్టుబడాలని ప్రివీ కౌన్సిల్ చెప్పిన మాట నిజమే గాని, 1956 చట్టం వచ్చాక ఆ ధైర్యంతో కోర్టు అనుమతి లేకుండా స్థలం కొనడం తెలివైన పని కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో విభజన కాని వాటాకు ఈ 8వ సెక్షను వర్తించదు. అక్కడ కర్త, అంటే కుటుంబ పెద్ద, చేసే అమ్మకానికి కుటుంబ అవసరం ఉందా అన్నదే ప్రశ్న. తండ్రి స్వార్జితమైతే, ఆయన వీలునామా రాయకుండా పోయినప్పుడు భార్యకు, పిల్లలకు విడివిడిగా వాటాలు వస్తాయి. ఆ పిల్లల వాటా తల్లి అమ్మాలంటే అనుమతి కావలసిందే. కనుక ఆస్తి తాతల నాటిదా, స్వార్జితమా అన్నది డాక్యుమెంట్ రైటరును అడిగి ఊరుకోకుండా, మూల దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) దగ్గర పెట్టుకొని న్యాయవాది చేత తేల్చుకోవాలి. అనుమతి ఉందన్నవారిని ఆ ఉత్తర్వు ధ్రువీకృత నకలు అడగండి. అందులోని సర్వే నంబరు, విస్తీర్ణం మీరు కొనేవాటితో సరిపోవాలి.

అనుమతి లేకుండా జరిగిన అమ్మకం రెండో రకానిది, అంటే మైనరు కోరితే రద్దయ్యేది. మైనారిటీ తీరిన మూడేళ్లలోపు అతను దావా వేయవచ్చు. ఆ గడువులో దావా వేయకుండానే, అదే ఆస్తిని తాను వేరొకరికి అమ్మి పాత అమ్మకాన్ని తోసిపుచ్చినా చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు కె.ఎస్. శివప్ప కేసులో చెప్పింది. ప్రోనోటు విషయంలో పనికిరాని ఆమోదం ఇక్కడ పనిచేస్తుంది. పాత అమ్మకం ఉన్న స్థలం కొంటున్నప్పుడు నాటి మైనరుకు ఇప్పుడు ఇరవయ్యొక్కటి దాటలేదని తేలితే, బయానా ఇవ్వకముందే అతని చేత ఆ అమ్మకాన్ని ఆమోదిస్తూ రాటిఫికేషన్ డీడ్ రిజిస్టరు చేయించమని అమ్మేవారిని అడగండి.