ఆఫ్, అప్, అవుట్: ఎక్కడ పెట్టాలో తేల్చుకునే పద్ధతి

ఆఫీసు ఇంగ్లీషు మెయిళ్లలో 'స్విచ్ ఆఫ్ ఇట్' కనిపిస్తే నేను చేసేది ఒకటే పరీక్ష. 'స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్', 'స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్' రెండూ ఒప్పే. ఫ్యాన్ బదులు 'ఇట్' వస్తే మాత్రం అది మధ్యలోనే ఉండాలి: 'స్విచ్ ఇట్ ఆఫ్'. 'లుక్ ఎట్' లాంటివాటికి ఇది కుదరదు. 'లుక్ హర్ ఎట్' అని ఎవరూ అనరు. తేడా చెవికే తెలుస్తుంది: 'ఆఫ్'ని ఒత్తి పలుకుతాం, 'ఎట్' తేలిపోతుంది.

అసలు చిక్కు ఇలాంటి జంట క్రియ నామవాచకంగా మారినప్పుడు. 'లాగిన్' పేరైతే ఒకే మాట, పనైతే 'లాగ్ ఇన్' రెండు మాటలు. అనుమానముంటే భూతకాలంలో పెట్టండి. 'లాగ్‌డ్ ఇన్' అంటాం, 'లాగిన్డ్' అనం. కాబట్టి క్రియని విడిగానే రాయాలి. సెటప్, బ్యాకప్‌లకూ ఇంతే. పలికేటప్పుడు పేరులో ఒత్తు మొదటి భాగం మీద పడుతుంది. 'బ్రేక్‌డౌన్' పైకి చదివి చూడండి. కొన్ని తిరగబడతాయి కూడా: రోగం 'బ్రేక్స్ అవుట్', దాని పేరు 'అవుట్‌బ్రేక్'. బహువచనం 'బ్రేక్‌డౌన్స్' అయినా, దారిన పోయేవాళ్లు 'పాసర్స్-బై'. ఇలాంటివి గుర్తుపెట్టుకోవాల్సిందే.

మనవాళ్లు అదనంగా తగిలించేది 'కోప్ అప్ విత్'. ఆ 'అప్' తీసేయండి. 'పాస్ అవుట్' ఇక్కడ చదువు పూర్తవడం. అమెరికాలో మామూలుగా స్పృహ తప్పడం. రెజ్యూమేలో 'గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019' అని రాస్తే గొడవ లేదు.