కోర్లు పెంచితే తిరుగు ప్యాకెట్లు ఆగిపోయాయి: నా అనుభవం

మిర్యాలగూడలో ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే మా చిన్న సంస్థ కోసం, ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను పక్కనపెట్టి నెట్‌వర్క్ కార్డు నుంచి ప్యాకెట్లను నేరుగా యూజర్‌స్పేస్‌లోకి, అంటే మామూలు ప్రోగ్రామ్ చేతికి, తీసుకునే డీపీడీకే అనే లైబ్రరీ ఆధారంగా నేను ఒక ఫైర్‌వాల్ రాశాను. 10 గిగాబిట్ లైనులో 64 బైట్ల ప్యాకెట్లు నిండుగా వస్తే సెకనుకు 1.488 కోట్లు, అంటే ఒక్కో ప్యాకెట్‌కు దాదాపు 67 నానోసెకన్లే దొరుకుతాయి కాబట్టి, కోర్లు ఒకదాని కోసం ఒకటి ఆగేలా చేసే లాక్‌ల అవసరం లేకుండా, ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్‌కు నడుస్తున్న కనెక్షన్లను రాసిపెట్టుకునే ఒక్కో పట్టిక కేటాయించాను.

ఒక కోర్‌తో అంతా సవ్యంగా నడిచింది. నాలుగు కోర్లు పెట్టిన రాత్రి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, ఒక సైటు తెరుసుకుంటున్నది, ఇంకోటి తిరుగుతనే ఉన్నది" అన్నాడొక కుర్రవాడు.

కార్డు కౌంటర్లలో నష్టమేమీ కనిపించలేదు. తన పట్టికలో లేని కనెక్షన్ తాలూకు జవాబును పారేయమని నేను రాసిన నియమమే ప్యాకెట్లను పారేస్తున్నది. ఒక కనెక్షన్‌ను పట్టి చూస్తే, కనెక్షన్ మొదలుపెడుతూ వెళ్లిన సిన్ ప్యాకెట్ 1వ కోర్‌కు, దానికి జవాబుగా తిరిగి వచ్చిన సిన్-ఆక్ 3వ కోర్‌కు చేరాయి. 3వ కోర్ పట్టికలో ఆ కనెక్షన్ ఊసే లేదు. వచ్చిన ప్యాకెట్లను కోర్లకు పంచే, కార్డులోని ఆర్‌ఎస్‌ఎస్ అనే ఏర్పాటు టోప్లిట్జ్ హాష్‌ను, అంటే చిరునామాలు, పోర్టు నంబర్లు, ఒక కీ కలిపి లెక్కించే సంఖ్యను బట్టి ఒక్కో కోర్‌కు చెందిన క్యూను ఎంచుకుంటుంది. డీఫాల్ట్ కీతో పంపినవారి, అందుకునేవారి చిరునామాలు తారుమారైతే హాష్ కూడా మారిపోతుంది.

40 బైట్ల కీలో 6డీ, 5ఏ (హెక్సాడెసిమల్‌లో) అనే రెండు బైట్లను 20 సార్లు వరుసగా నింపి, యంత్రంలోని రెండు నెట్‌వర్క్ పోర్టులకూ అదే కీని, ఏ హాష్‌కు ఏ క్యూ అని చెప్పే ఒకే పట్టికను ఇచ్చాను. ప్రతి 16 బిట్లకూ కీ పునరావృతమవుతుంది కనుక చిరునామాలు, పోర్టు నంబర్లు అటూ ఇటూ మారినా హాష్ ఒకటే వస్తుంది. మా దగ్గర నాట్, అంటే ప్యాకెట్లలోని చిరునామాలను మార్చే పని, ఈ యంత్రానికి అవతల జరుగుతుంది. ఇందులోనే జరిగి ఉంటే చిరునామాలే మారిపోయి ఈ ఉపాయం పనిచేసేది కాదు.

తెల్లవారుజామున మళ్లీ పట్టి చూసినప్పుడు సిన్, సిన్-ఆక్ రెండూ ఒకే కోర్‌లో కనిపించాయి.